నగరం వస్తోంది... సర్కారు బడి మిగులుతుందా?

విద్య ఘనత గురించి ఈ పేజీలో ఎన్నోసార్లు చెప్పుకున్నాం. జుమా ప్రసంగాల్లోనూ వింటూనే ఉన్నాం. అందుచేత చదువు అవసరమా, అనవసరమా అనే చర్చ మళ్ళీ మొదలుపెట్టదలచుకోలేదు. ఆటో నడిపే తండ్రి అయినా, ఇంట్లో మిషను కుట్టే తల్లి అయినా నేడు తమ పిల్లలు చదువుకోవాలనే కోరుకుంటున్నారు. ఇది ఒకప్పటి పరిస్థితి కాదు, సంతోషించవలసిన మార్పే. అయితే ఆ చదువు ఎక్కడ చెప్పించాలి, దానికి ఇల్లు ఎంత మోయగలదు అనే విషయం మీద మనం కూర్చుని ఆలోచించింది తక్కువ. పక్కింటివారి అబ్బాయి పసుపుపచ్చ బస్సు ఎక్కాడు కాబట్టి మన అబ్బాయీ ఎక్కాలి. చాలా ఇళ్లలో నిర్ణయం ఇంతటితో అయిపోతోంది.

రంగారెడ్డి జిల్లా కందుకూరు సంగతే తీసుకుందాం. కోస్తాలో ఉన్న కందుకూరు కాదు, హైదరాబాదు నుంచి శ్రీశైలం వెళ్ళే దారిలో తుక్కుగూడ దాటాక వచ్చే మండల కేంద్రం. ఈ ప్రాంతం ఇప్పుడు పత్రికల్లో తరచుగా కనిపిస్తోంది. మొదట ముచ్చర్ల చుట్టుపక్కల ఫార్మా సిటీ పేరుతో వేల ఎకరాల భూసేకరణ జరిగింది. 2024 ఆగస్టు 1న ఇదే మండలంలోని మీర్‌ఖాన్‌పేటలో యంగ్ ఇండియా స్కిల్స్ యూనివర్సిటీకి శంకుస్థాపన జరిగింది. 2025 మార్చిలో ఫ్యూచర్ సిటీ అభివృద్ధి సంస్థను ఏర్పాటు చేసి, 7 మండలాల్లోని 56 రెవెన్యూ గ్రామాలను దాని పరిధిలోకి తెచ్చారు. వాటిలో కందుకూరు మండల గ్రామాలూ ఉన్నాయి. అంటే రేపో మాపో ఇది పల్లె కాదు, నగరం.

నగరం వస్తే ఉపాధి వస్తుందంటున్నారు. రావాలనే కోరుకుందాం. అయితే పద్ధెనిమిదేళ్ల యువకుడికి నైపుణ్యం నేర్పే విశ్వవిద్యాలయం గేటు దాకా వెళ్ళాలంటే, ఆ యువకుడు ఆరేళ్ల వయసులో ఎక్కడో ఒకచోట అక్షరాలు సరిగ్గా నేర్చుకుని ఉండాలి. భూమి పోయిన రైతు కూలీ కొడుకు, పంచరు షాపు నడిపేవాడి కూతురు, మేస్త్రీ వెంట ఊరు విడిచి వచ్చిన వలస కార్మికుడి బిడ్డ... వీరందరికీ ఫీజు లేకుండా తలుపు తీసి ఉంచేది ఒక్క ప్రభుత్వ పాఠశాలే. ఆ పాఠశాల మాత్రం రాష్ట్రమంతటా ఏడాదికేడాది పలచబడిపోతోంది.

ఎంతగా అంటే, కేంద్ర విద్యాశాఖ 2024-25 లెక్కల ప్రకారం ఒక్క పిల్లవాడు కూడా చేరని పాఠశాలలు దేశంలో 7,993 ఉన్నాయి. వాటిలో 3,812 పశ్చిమ బెంగాల్‌వి. రెండో స్థానం మన తెలంగాణదే, 2,245. గర్వించదగిన రెండో స్థానం కాదిది.

పిల్లలు పుట్టడమే తగ్గింది కదా, బడులు ఖాళీ కాకేమవుతాయి అని కొందరంటారు. అందులో కొంత నిజం లేకపోలేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో సగటు సంతానం 1.8గా తేలింది. మన ఇళ్లలోనూ ఇప్పుడు ఏడుగురు, ఎనిమిదిమంది పిల్లల కుటుంబాలు అరుదు. అయితే రంగారెడ్డి జిల్లాకు ఈ సమాధానం సరిపోదు. హైదరాబాదు చుట్టూ జనం పెరుగుతున్నారు, పిల్లలూ ఉన్నారు. తెల్లవారి ఏడున్నర, ఎనిమిది గంటలకు రోడ్డు పక్కన నిలబడి చూస్తే ఏ పిల్లవాడు ఎటు వెళుతున్నాడో ఎవరికైనా తెలుస్తుంది.

పిల్లలు ఎందుకు వెళ్ళిపోతున్నారో తెలుసుకునే ముందు ఒక బడి ఎలా మూతపడుతుందో తెలుసుకోవాలి. విద్యాహక్కు చట్టం షెడ్యూలు ప్రకారం ప్రాథమిక పాఠశాలలో 60 మంది వరకు పిల్లలుంటే ఇద్దరు టీచర్లు, 61 నుంచి 90 వరకు ముగ్గురు. ఒక ఊరి బడిలో 62 మంది ఉన్నారనుకుందాం. ముగ్గురు టీచర్లు ఉండాలి. ఒక వేసవిలో రెండు కుటుంబాలు తమ ముగ్గురు పిల్లలను తీసి ప్రైవేటులో వేశాయి. మిగిలింది 59. ఇక ఇద్దరు టీచర్లే, తరగతులేమో ఐదు. ఒక టీచరు సెలవు పెట్టినా, శిక్షణకో ఎన్నికల పనికో వెళ్ళినా మిగిలిన ఒక్కరే ఐదు తరగతులకూ దిక్కు. అది చూసి మరో నాలుగు కుటుంబాలు కదులుతాయి. సర్దుబాటు ఉత్తర్వుల్లోని అంకెలు అప్పుడప్పుడు మారుతుంటాయి గాని, పద్ధతి ఇదే. పిల్లలు తగ్గారని టీచరును తీసేస్తారు, టీచరు లేడని పిల్లలు పోతారు. ఏ ప్రభుత్వమూ బడి మూసేశామని చెప్పదు. టీచరును సర్దుబాటు చేశామని మాత్రమే చెబుతుంది.

ఇందులో ప్రభుత్వాల తప్పు చిన్నది కాదు. కోవిడ్ రోజుల్లో, 2021-22 విద్యా సంవత్సరంలో ఒక విశేషం జరిగింది. ఫీజులు కట్టలేక రాష్ట్రంలో ఎన్నో కుటుంబాలు తమ పిల్లలను ప్రైవేటు నుంచి సర్కారు బడికి తిరిగి తీసుకువచ్చాయి. పోయినవారు తమంతట తాము ఇంటికి వచ్చినట్టే. అటువంటి అవకాశం మళ్ళీ రాదు. అయితే వచ్చినవారికి ఏం కనిపించింది? 2017 నోటిఫికేషన్ తర్వాత టీచర్ల నియామకాలు లేవు. బడి ఊడ్చే మనిషిని కూడా కోవిడ్ పేరుతో తీసేశారు. ఆ తర్వాత 2022 మార్చిలో 'మన ఊరు - మన బడి' మొదలైంది. 26,065 పాఠశాలలకు మూడేళ్లలో రూ. 7,289 కోట్లు అన్నారు. మరుగుదొడ్లు, నీళ్లు, కరెంటు, బల్లలు, రంగులు, ప్రహరీ గోడలు. ఇవన్నీ కావలసినవే, ముఖ్యంగా ఆడపిల్లలకు మరుగుదొడ్డి లేకపోతే తక్కినవన్నీ దండగ. అదే ఏడు జూన్ నుంచి ఇంగ్లీషు మీడియం కూడా వచ్చింది, ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషుగా పుస్తకాలు అచ్చువేశారు. అంత ఖర్చు చేసి, చదువు చెప్పే మనిషిని మాత్రం వేయలేదు. కొత్త టీచర్ల నియామకపత్రాలు అందింది 2024 అక్టోబరులో. అప్పటికి తిరిగి వచ్చినవారిలో చాలామంది మళ్ళీ వెళ్ళిపోయారు.

పొరుగు రాష్ట్రం చేసిన పొరపాటు ఇంకొక రకం. ఆంధ్రప్రదేశ్‌లో 2022 జూన్‌లో 117వ నంబరు జీవో ద్వారా 3, 4, 5 తరగతులను ఊరి బడి నుంచి తీసి దగ్గరలోని హైస్కూలులో కలిపారు. సబ్జెక్టుకో టీచరు దొరుకుతారన్నది ఆలోచన. కాగితం మీద అందంగానే ఉంది. ఎనిమిదేళ్ల పిల్లను పెద్ద రోడ్డు దాటించి పంపవలసిన తల్లి దృష్టిలో మాత్రం అది వేరే విషయం. ఎలాగూ దూరమే పంపాలంటే ఇంటి ముందుకు బస్సు వచ్చే ప్రైవేటు బడే నయం కదా అనుకుంది. ఊళ్లో మిగిలిన 1, 2 తరగతులకు ఒక్క టీచరు. 2024-25లో దేశంలో ఏకోపాధ్యాయ పాఠశాలలు అన్నిటికంటే ఎక్కువగా ఉన్నది ఆంధ్రప్రదేశ్‌లోనే, 12,912. చివరికి 2025లో ఆ జీవోను రద్దు చేయవలసి వచ్చింది. ఫ్యూచర్ సిటీ పేరుతో రేపు కందుకూరు ప్రాంతంలోనూ చిన్న బడులను కలిపి ఒక పెద్ద బడి కడతామనే ప్రతిపాదన వస్తే, ఈ అనుభవం మనకు గుర్తుండాలి. శ్రీశైలం రోడ్డు మీద లారీల వేగం తెలిసిన తల్లిదండ్రులకు ఇంతకంటే చెప్పనక్కరలేదు.

ఇక మా దృష్టిలో అన్నిటికంటే పెద్ద కారణం ఒకటుంది. దాని గురించి చర్చ తక్కువగా జరుగుతోంది.

సర్కారు బడి పిల్లవాడిని ఐదేళ్లు నిండాక ఒకటో తరగతిలో చేర్చుకుంటుంది. ప్రైవేటు బడి మూడేళ్లకే నర్సరీలో చేర్చుకుంటుంది. ఆ తర్వాత ఎల్‌కేజీ, యూకేజీ. ఒకటో తరగతి వచ్చేసరికి ఆ పిల్లవాడికి అక్కడ రెండు, మూడేళ్ల స్నేహాలు, టై, బూట్లు, అలవాటైన టీచరమ్మ. అక్కడి నుంచి తీసి సర్కారు బడిలో వేస్తే చుట్టాల ముందు నామోషీ కూడా. జూన్‌లో బడిబాట పేరుతో ఉపాధ్యాయులు ఎండలో ఇల్లిల్లూ తిరుగుతారు, పాపం. ఐదేళ్ల పిల్లవాడి కోసం వారు వచ్చేసరికి ఆ పిల్లవాడు రెండేళ్ల క్రితమే వెళ్ళిపోయి ఉంటాడు. అంగన్‌వాడీ ఉంది కదా అనవచ్చు. గుడ్డు, పాలు, టీకా... అంగన్‌వాడీ చేసే మేలు తక్కువది కాదు. కాని మన తల్లిదండ్రులు దాన్ని బడిగా లెక్కపెట్టడం లేదు, ఎందుకంటే అక్కడ చదువుకు ప్రత్యేకంగా మనిషి ఉండరు. 2025-26లో ప్రభుత్వం కొన్ని ప్రభుత్వ పాఠశాలల్లో పూర్వ ప్రాథమిక తరగతులకు అనుమతి ఇచ్చింది. సరైన దారి పట్టిందనే చెప్పాలి. ఆ తరగతులు ప్రతి ప్రాథమిక పాఠశాలకూ రావాలి. కందుకూరులో ఏ ఊరి బడికి అవి వచ్చాయి, దేనికి రాలేదు అని మండల విద్యాధికారి కార్యాలయంలో అడిగి తెలుసుకోవడం పెద్ద పనేమీ కాదు.

ప్రభుత్వాన్ని అనవలసింది అన్నాం. మన సంగతి కూడా మాట్లాడుకోవాలి.

మన ఇళ్లలో అబ్బాయి ప్రైవేటుకు, అమ్మాయి సర్కారు బడికి వెళ్ళే ఆచారం ఒకటి పాతుకుపోయింది. ఈ తేడా అన్ని వర్గాల్లోనూ ఉంది, మనకు మాత్రమే అంటగట్టడం న్యాయం కాదు. ఉన్నంత మాత్రాన ఒప్పయిపోదు కూడా. దీని ఫలితం ఒకటి గమనించాలి. ఊరి సర్కారు బడి మూతపడితే మొట్టమొదట చదువు ఆగేది అమ్మాయిదే. అబ్బాయికి ఫీజు ఎలాగో కడతాం. అమ్మాయిని మాత్రం పక్క ఊరికి పంపడానికి తటపటాయిస్తాం. ఏడో తరగతిలోనో ఎనిమిదో తరగతిలోనో ఇంట్లో కూర్చోబెడతాం, ఆ తర్వాత సంబంధాలు వెతకడం మొదలు. కనుక అబ్బాయిని బస్సు ఎక్కించిన తండ్రి తనకు తెలియకుండానే తన కూతురి బడిలో ఒక సంఖ్య తగ్గిస్తున్నాడు. ఆ 61, 60ల లెక్కలో.

నెలకు పదిహేను, పదహారు వేలు వచ్చే ఇంట్లో ఇద్దరు పిల్లల ఫీజు, బస్సు, పుస్తకాలు, యూనిఫాం కలిపితే ఏమి మిగులుతుందో గృహిణులకు తెలుసు. ఏ జబ్బో చేస్తే బంగారం తాకట్టు పెట్టాలి. దానికితోడు కేంద్రం మైనారిటీ పిల్లలకు ఇచ్చే ప్రీ-మెట్రిక్ స్కాలర్‌షిప్‌ను 2022లో 1 నుంచి 8 తరగతుల వరకు ఎత్తివేసింది. ఇంత కట్టి అక్కడ దొరుకుతున్న చదువు ఎటువంటిది? చిన్న ఊళ్ల ప్రైవేటు బడుల్లో చెప్పేవారు తక్కువ జీతానికి కుదిరిన డిగ్రీ పిల్లలు, ఏడాది తిరక్కుండా మారిపోతుంటారు. ప్రభుత్వ ఉపాధ్యాయుడు డీఎడ్ లేదా బీఎడ్‌తో పాటు టెట్, డీఎస్సీ పరీక్షలు గట్టెక్కి వచ్చినవాడు. ఈ తేడాను మనం టై చూసి మరచిపోతున్నాం. అన్ని ప్రైవేటు బడులూ ఇంతే అనడం లేదు, మంచివీ ఉన్నాయి. మంచివాటి ఫీజు మనలో ఎందరికి అందుతుందన్నదే ప్రశ్న.

సర్కారు బడిలో చదివిన పిల్లలకే దక్కే ప్రయోజనాలు కొన్ని ఉన్నాయి. మన కుటుంబాల్లో చాలామందికి ఇవి తెలియవు. ఎనిమిదో తరగతిలో జాతీయ ప్రతిభా ఉపకారవేతన పరీక్ష ఉంటుంది. ఎన్ఎంఎంఎస్ అంటారు. ఎంపికైతే తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ పూర్తయ్యే వరకు ఏటా రూ. 12,000. కుటుంబ ఆదాయం ఏడాదికి రూ. 3.5 లక్షలు మించకూడదు. ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ పాఠశాలల పిల్లలే అర్హులు. ప్రైవేటు పిల్లలకు లేదు, గురుకుల పిల్లలకూ లేదు. బాసరలోని ట్రిపుల్ ఐటీ ప్రవేశాల్లోనూ ప్రభుత్వ పాఠశాలల పిల్లలకు మెరిట్‌లో అదనపు బలం కలుపుతారు. పదో తరగతి తర్వాత ఆరేళ్ల ఇంజినీరింగు చదువు అది. పేద ఇంటి పిల్లకు అంతకంటే పెద్ద తలుపు ఏముంటుంది?

గురుకులాల మాట వచ్చింది కాబట్టి ఒక ముక్క. 2016లో 71 పాఠశాలలతో మొదలైన మైనారిటీ గురుకులాలు తర్వాత 204 అయ్యాయి. వాటివల్ల ఎన్నో ఇళ్లు బాగుపడ్డాయి. అయితే గురుకులం మొదలయ్యేది ఐదో తరగతిలో. ఒకటి నుంచి నాలుగు దాకా పిల్లవాడు ఊళ్లోనే చదవాలి. ఆ నాలుగేళ్ల పునాది సరిగా లేకపోతే గురుకులంలో సీటు వచ్చినా నెట్టుకురావడం కష్టం. గురుకులం ఉంది కదా అని ఊరి బడిని వదిలేయడానికి వీలు లేదు.

ఉర్దూ విషయం మరింత చిక్కు. మన ఇళ్లలో మాట్లాడేది ఉర్దూ, బడిలో తెలుగు, ఆశ ఇంగ్లీషు మీద. 2018 చట్టం ప్రకారం ఏ బడిలో చదివినా తెలుగు నేర్వవలసిందే. అది మంచిదే, ఈ నేల మీద బతికేవారికి ఈ నేల భాష రాకపోతే ఎలా? కాని ఇంటి భాష చదవడం, రాయడం ఒక తరంలోనే పోతోంది. రాష్ట్రమంతటా రెండో అధికార భాష హోదా 2017లో వచ్చింది. ఉర్దూ టీచరు పోస్టులు మాత్రం అర్హులైన అభ్యర్థులున్నా భర్తీ కావడం లేదు. ఎస్సీ, ఎస్టీ రోస్టరు కింద పడిన ఉర్దూ పోస్టులకు ఆ భాష చదివిన అభ్యర్థులు దొరకక ఖాళీగా మిగిలిపోతున్నాయి. ఎవరి రిజర్వేషనునూ తగ్గించకుండా, ఆ కోటాను వేరే సబ్జెక్టు పోస్టుల్లో భర్తీ చేసి ఈ ఖాళీలను నింపడానికి ప్రభుత్వం ఒక మార్గం వెతకాలి. ఒక ప్రభుత్వ పాఠశాలలో రోజుకు ఒక గంట ఉర్దూ చెబుతారని తెలిస్తే మన కుటుంబాలు ఎన్ని తిరిగి వస్తాయో చూడవచ్చు. సాయంత్రం మక్తబ్‌లో నేర్చుకునేదానికి అది తోడవుతుంది.

దానధర్మాల్లో మన సముదాయం వెనుకబడి లేదు. కాకపోతే సర్కారు బడికి ఇవ్వాలన్న ఆలోచన మనకు రాదు, అది ప్రభుత్వం పని అనుకుంటాం. కేరళలోని కోజికోడ్‌లో నడక్కావు ప్రభుత్వ బాలికల పాఠశాలను చూడండి. దుబాయిలో వ్యాపారం చేసే ఫైజల్ కొట్టికొల్లన్, షబానా దంపతుల ఫౌండేషన్, స్థానిక ఎమ్మెల్యే ఎ. ప్రదీప్ కుమార్‌తో కలిసి 2013లో ఆ బడి రూపురేఖలు మార్చేసింది. రెండు వేల మందికి పైగా అమ్మాయిలు చదివే బడి అది. వారిలో అన్ని మతాల పిల్లలూ ఉన్నారు. అదే రాష్ట్రంలో ప్రభుత్వం 2017లో ప్రభుత్వ విద్య పరిరక్షణకు ఒక ఉద్యమమే చేపట్టింది. కోట్లు ఇవ్వగలవారు కందుకూరులో లేకపోవచ్చు. పూర్వ ప్రాథమిక తరగతికి ఒక ఆయాకు, ఒక టీచరమ్మకు నెల నెలా గౌరవ వేతనం ఇవ్వడానికి కోట్లు అవసరం లేదు, పదిమంది దుకాణదారులు చాలు. జకాత్ సొమ్ము వినియోగానికి నియమాలున్నాయి. అది ఆలిములను అడిగి తెలుసుకోవలసిన విషయం. సదఖాకు ఆ చిక్కు లేదు.

డబ్బుకంటే ముందు కావలసింది మనుషులు. విద్యాహక్కు చట్టం బడి యాజమాన్య కమిటీలో ముప్పాతిక మంది తల్లిదండ్రులే ఉండాలంటోంది, మొత్తం సభ్యుల్లో సగం మంది మహిళలు. 2024లో తెలంగాణ ప్రభుత్వం బడి మరమ్మతులను మహిళా సంఘాలతో కూడిన అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలకు అప్పగించింది. పొదుపు సంఘాల్లో మన స్త్రీలు ఎంతమంది ఉన్నారు? ఉన్నవారిలో బడి సమావేశానికి వెళుతున్నది ఎందరు? బుర్ఖా వేసుకుని వెళ్ళి కూర్చుని, మరుగుదొడ్డికి నీళ్లు ఎందుకు రావడం లేదని అడిగితే కాదనేవారు ఎవరూ లేరు. అడిగే తల్లి లేని బడిలోనే నీళ్లు రావు.

ఇంకొక సంగతి, భూమి. నగరం వచ్చిన చోట గజం ధర చెప్పనక్కరలేదు. పిల్లలు లేని బడి ఆవరణ మీద అందరి కన్నూ పడుతుంది. ఒకసారి ఏదో కార్యాలయానికో గోదాముకో పోయిన బడి స్థలం తిరిగి బడిగా మారడం మేమెరిగినంతలో జరగలేదు. ఫ్యూచర్ సిటీ ప్రణాళికలో ప్రతి గ్రామంలోని ప్రభుత్వ బడి స్థలాన్ని బడి స్థలంగానే చూపమని గ్రామసభలో తీర్మానం చేయించాలి. ఇది ఒక్క మతం వారి పని కాదు, ఊరందరి పని. మనవాళ్లు ముందుండి అడిగితే ఊరు వెంట వస్తుంది.

ప్రైవేటు బడుల వాళ్లు అడ్మిషన్ల కోసం జనవరి, ఫిబ్రవరిలోనే వీధుల్లోకి వస్తున్నారు. బడిబాట జూన్‌లో. కాబట్టి ఊరికి ఐదారు కుటుంబాలు చేరి సంక్రాంతి సెలవుల తర్వాతే హెడ్మాస్టరును కలవాలి. మా ఇళ్లలో మూడు, నాలుగేళ్ల పిల్లలు ఇంతమంది ఉన్నారు, పేర్లు ఇవిగో, పూర్వ ప్రాథమిక తరగతి పెడితే జూన్‌లో అందరినీ ఇక్కడే చేరుస్తాం అని సంతకాలు పెట్టి కాగితం ఇవ్వాలి. ఒక నకలు మండల విద్యాధికారికి, ఒకటి జిల్లా విద్యాధికారికి. రశీదు తీసుకోవడం మరవవద్దు.